ఎసెన్‌గుల్ ఉమ్ము

మా జైల్లో ఉమ్ముకి గిరాకీ ఉండేది. నవ్వేవాళ్ళు నవ్వండి. దేశంలో క్షయ పట్టిన ఖైదీలందరినీ తెచ్చి పడేసే జైలు అది. ఉమ్ములో క్రిమి ఉన్నవాడికి ఆసుపత్రి బ్యారక్‌లో మంచం, తెల్ల రొట్టె, వెన్న ముక్క, ఇటుకల పని నుంచి సెలవు. క్రిమి లేనివాడిది మామూలు బ్యారక్, కానీ ఏడాదికి రెండుసార్లు పెళ్ళాంతో మూడేసి రోజులు ఒక గదిలో ఉండనిస్తారు. ఎవడికి ఏది కావాలో దాన్నిబట్టి ఎదుటివాడి ఉమ్ము తెచ్చుకునేవాడు. టీ పొడికో, పంచదారకో, సిగరెట్లకో బేరం కుదిరేది. బేరం ఎవరు కుదుర్చుకున్నా పని మాత్రం నా చేతి మీదుగానే జరగాలి.

నా పేరు జోల్చుబెక్. బయట ఉన్నప్పుడు కెమిస్ట్రీ మాస్టారిని. ల్యాబులో ఉండే ఇనప స్టాండుతో మా హెడ్మాస్టరు తల పగలగొట్టాను. ఆయన చావలేదు, నాకు ఆరేళ్ళు పడింది. కోపం నాకు అప్పుడూ ఎక్కువే, ఇప్పుడూ ఎక్కువే. రావాల్సిన చోట మాత్రం రాదు, అదే నాకున్న జబ్బు. చదువుకున్నవాణ్ణని జైల్లో కూడా ల్యాబు పనికే పెట్టారు. పొద్దున్నే ఖైదీలు పెరట్లో రేకుల పాక కిందకొచ్చి, దగ్గి దగ్గి డబ్బాల్లో ఉమ్ముతారు. నేను వాటికి పేర్ల చీటీలు అంటించి లోపలికి తీసుకెళ్ళాలి. నర్సు మాస్కు వేసుకుని కిటికీ అవతల నిలబడి కాపలా కాసేది. చలికి అద్దం మసకబారి ఆవిడకి ఏమీ కనిపించేది కాదు. చీటీ మార్చడం ఎంతసేపు?

ఆ ఏడు ఫిబ్రవరిలో కొత్త మందు వచ్చింది. బెడాక్విలిన్ అని పేరు. మా జైలుకి నలుగురికి సరిపడా పంపారు. దాని కోసం కాచుక్కూచున్నవాళ్ళు నలభై మంది. డాక్టర్ జీపార్ అందరినీ భోజనాల గదిలో కూర్చోబెట్టింది. ఆవిడ పట్నంలో పుట్టి పెరిగిన మనిషి. రష్యన్‌లో చెప్పుకుపోతే కొండలవాళ్ళకి సగం తలకెక్కదు. అందుకని నన్ను పక్కన నిలబెట్టుకుంది.

"మాస్టారూ, మీరు చెప్పండి, వీళ్ళకి అర్థమయ్యేలా," అంది.

పాఠం చెప్పి నాలుగేళ్ళయింది నాకు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"మీ ఊళ్ళలో పిండిమర చూశారుగా? వాగు నీళ్ళు తోస్తుంటే చక్రం తిరుగుతుంది, పిండి రాలుతుంది. క్రిమి లోపల కూడా అలాంటి చక్రాలే ఉంటాయి, కంటికి కనపడనంత చిన్నవి. అది ఊపిరి పీల్చినంతసేపూ తిరుగుతూనే ఉంటాయి. ఆ పిండి తినే క్రిమి ఏ పనైనా చేసేది. ఇప్పటిదాకా మీరు మింగిన పాత మందులున్నాయే, వాటిలో చాలామటుకు అది గోడ కట్టుకుంటుంటే గోడ కూలగొట్టేవి. అది గోడ కట్టడం మానేసి ముసుగుతన్ని పడుకుందనుకోండి, ఆ మందులు దాన్ని ఏమీ పీకలేవు. ఈ కొత్త మందు గోడ జోలికే పోదు. సరాసరి పోయి చక్రం పళ్ళ మధ్య రాయిలాగా ఇరుక్కుంటుంది. చక్రం ఆగిపోతుంది. పడుకున్నదానికైనా తిండి కావాలి కదా?"

"అంటే దానిక్కూడా మనలాగే రేషన్ కట్ అన్నమాట," అన్నాడు ముందు బల్ల మీద కూర్చున్న తాబల్దీ.

అందరూ నవ్వారు. తాబల్దీ ఏదన్నా అంటే నవ్వి తీరాలి. బ్యారక్‌లకి పెద్ద వాడు. వాడు సరేనంటేనే పొయ్యి మీద టీ కాగేది. వార్డర్లు కూడా వాణ్ణి అడక్కుండా ఎవణ్ణీ ఒక మంచం మీంచి ఇంకో మంచం మీదికి మార్చేవాళ్ళు కాదు.

"మన ఒంట్లో కూడా ఉంటాయా ఆ చక్రాలు?" అని ఎవరో అడిగారు.

"ఉంటాయి. మన చక్రం పళ్ళ వరస వేరు. ఈ రాయి అందులో పట్టదు."

వెనక గోడకి ఆనుకుని కూర్చున్నవాడు చెయ్యెత్తాడు. ఎసెన్‌గుల్. నలభై ఏళ్ళ గొర్రెల కాపరి. పరాయివాళ్ళ మందలోంచి గొర్రెల్ని తోలుకుపోయాడని లోపలేశారు. ఎవరితోనూ తగువుకి పోడు. దగ్గొస్తే సిగ్గుపడి మొహం గోడకేసి తిప్పుకునే రకం.

"మాస్టారూ, మా మేనమామ మర నడిపేవాడు. మర ఆగినా గాదెలో పిండి ఉంటాది గదా? అది తిని బతికేస్తే?"

డాక్టరమ్మకి తిప్పి చెప్పాను. ఆవిడ తల పైకెత్తి వాడికేసి చూసింది. "ఇంత మంచి ప్రశ్న మా కాలేజీలో కూడా ఎవరూ అడగలేదు," అంది. "నిజమే. మొదటి వారం దాదాపు ఏమీ చావవు. గాదెలో ఉన్నది తింటూ కూర్చుంటాయి. మందు పనిచెయ్యట్లేదని మీకనిపిస్తుంది. అప్పుడు మానేశారో, మునిగారు. గాదె ఖాళీ అయ్యాకే చావడం మొదలవుతుంది."

ఇంకో మాట కూడా చెప్పింది. ఆ మందు ఒంటి కొవ్వులో చేరి నెలల తరబడి కదలదట. తోడు మందులు ఎగ్గొట్టి అదొక్కటే ఒంట్లో మిగిల్చారంటే, చక్రం పళ్ళు తేడాగా ఉన్న క్రిమి ఏదో ఒకటి బతికిపోయి, దాని సంతానమే ఒళ్ళంతా నిండుతుందట. ఆ తర్వాత ఈ మందుకి కూడా లొంగదు. కాబట్టి పాత మందులు వేటికీ లొంగని క్రిమి ఉన్నవాళ్ళకే ఇస్తానని, ఎవరి క్రిమి ఎలాంటిదో పట్నం ల్యాబు తేల్చి రెండు నెలల్లో కాయితం పంపుతుందని చెప్పి ముగించింది.

మర్నాడు తాబల్దీ ల్యాబు గుమ్మంలో నిలబడ్డాడు.

"పంతులూ, ఆ రాయి నాక్కావాలి."

"నీకెందుకు? నీ క్రిమి సూదిమందుకే చస్తుంది. కొన్ని నెలలు పొడిపించుకుంటే వదిలిపోతుంది."

"నువ్వు పొడిపించుకో. ఆ సూదులకి చెవులు పోతాయంట. చెవిటోడి మాట ఈ బ్యారక్‌లో ఎవడు వింటాడ్రా?" అని లోపలికొచ్చి నా స్టూలు మీద కూర్చున్నాడు. "అందరికన్నా చెడ్డ ఉమ్ము ఎవడిది?"

తెలీదంటే సరిపోయేది. "ఎసెన్‌గుల్‌ది," అన్నాను. అంత తేలిగ్గా ఆ పేరు నా నోట్లోంచి ఎలా ఊడిపడిందా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

"చూడు పంతులూ. నీ ముందస్తు విడుదల కాయితం ఆఫీసులో గుర్రుపెట్టి నిద్రపోతంది. లేపమంటావా, జోకొట్టమంటావా?"

నేను లేపమన్నాను.

ఎసెన్‌గుల్‌ని ఒప్పించడానికి నాకు పావుగంట కూడా పట్టలేదు. వాడి భార్య బురుల్. రెండేళ్ళుగా ఆవిణ్ణి కంటితో చూడలేదు వాడు. ఆసుపత్రి బ్యారక్‌లో ఉన్నంతకాలం ఎవరినీ కలవనివ్వరు.

"నీ ఉమ్ము తాబల్దీ పేరు మీద పెడతాను. వంటవాడు కుబాత్‌ది నీ పేరు మీద పెడతాను. వాడికి ఏ రోగమూ లేదు. కాయితంలో నువ్వు శుభ్రమైపోతావు. బురుల్ వచ్చి మూడు రోజులు ఉండొచ్చు," అన్నాను.

"కాయితంలో శుభ్రమైతే ఆ మందు ఇవ్వరు గదా మాస్టారూ?"

"వేసవిలో ఇంకో విడత వస్తుందిలే. అప్పుడు నీ ఉమ్ము నువ్వే ఇద్దువుగాని."

ఇంకో విడత వస్తుందని నాకెవరూ చెప్పలేదు. వాడు టోపీ తీసి, అంచు సర్దుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"బురుల్‌ని నిజంగా రానిస్తారా?" అని మాత్రం రెండుసార్లు అడిగాడు.

వరసగా మూడు పొద్దులు చీటీలు మార్చాను. ఏప్రిల్లో కాయితాలొచ్చాయి. తాబల్దీది అన్ని మందులకీ ఎదురుతిరిగిన క్రిమి అని, ఎసెన్‌గుల్ ఉమ్ములో అసలు క్రిమే లేదని రాసుంది. జీపార్ ఆ కాయితం చేత్తో పట్టుకుని బ్యారక్ అంతా తిరిగింది. "పాత మందులతోనే నయమైపోయాడు చూశారా మాస్టారూ! పదేళ్ళ నౌకరీలో ఇలాంటిది చూళ్ళేదు," అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడైనా నేను నోరు విప్పాలి. విప్పలేదు. నాలుగో పేరుగా తాబల్దీని రాశారు.

ఆ మందు తిండితో వేసుకుంటేనే ఒంటికి పడుతుంది. తాబల్దీ గొర్రె తోక కొవ్వు తెప్పించుకుని, ముక్క నంజుకుంటూ, డాక్టరు ఎదురుగానే మాత్రలు మింగేవాడు. మొదట్లో రోజుకి నాలుగు, రెండు వారాలయ్యాక వారానికి మూడు రోజులు, రెండేసి. తోడు మందులకి ఒళ్ళు నల్లబడింది కానీ, జూన్ కల్లా బుగ్గలొచ్చాయి. దగ్గు పూర్తిగా పోయింది. మందు మంచిదే, దాన్ని ఏమీ అనడానికి లేదు.

మే నెలలో బురుల్ వచ్చింది. ఎండు పెరుగు ఉండలు ఒక సంచి, నేతిలో వేయించిన పిండి బిళ్ళలు ఒక సంచి మోసుకొచ్చింది. మూడు రోజులు ఆ గది కిటికీలు మూసే ఉన్నాయి. అక్కడి కిటికీలకి మేకులు కొట్టేశారు, తెరుద్దామన్నా తెరుచుకోవు. నాలుగోనాడు గేటు దగ్గర ఆవిణ్ణి చూశాను. పొట్టి మనిషి. గాలికి కందిపోయిన బుగ్గలు. కొత్త పెళ్ళికూతురిలాగా తలగుడ్డ సర్దుకుంటూ వెళ్ళిపోయింది.

జూన్‌లో ఎసెన్‌గుల్ ఇటుకల బట్టీ వెనక నన్ను పట్టుకున్నాడు. అరచెయ్యి చాపి చూపించాడు. రక్తం.

"ఇంక నావల్ల కాదు మాస్టారూ. డాక్టరమ్మ దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పేస్తా. తిడితే తిట్టిద్ది."

"రెండు రోజులు ఆగు," అన్నాను.

ఆ సంగతి తాబల్దీకి అప్పటికే తెలిసిపోయింది. అక్కడ వాడికి తెలియందేముంది కనక. "వాడి నోరు నువ్వు మూయిస్తావా పంతులూ, నన్ను మూయించమంటావా?" అని నవ్వుతూ అడిగాడు. వాడు మూయిస్తే ఎలా ఉంటుందో నేను చూశాను. అంతకుముందు ఏడాది ఒకణ్ణి మెట్ల మీంచి జారి పడ్డాడని రాసుకున్నారు. మెట్లే లేని బ్యారక్ అది.

ల్యాబు అల్మారాలో కాల్షియం మాత్రలుండేవి. తెల్లగా, గుండ్రంగా, సుద్దలాగా ఉండేవి. మూడో రోజున నాలుగు పొట్లం కట్టి ఎసెన్‌గుల్ చేతిలో పెట్టాను.

"ఏంటియ్యి?"

"అవే. తాబల్దీ మింగేవే. నీకోసం తీసుకొచ్చాను."

వాడు నమ్మడేమో అనుకున్నాను. పొట్లాన్ని రెండు చేతులతో పట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు.

"దొరికిపోతే మీకు శిక్ష పెంచరూ?"

"పెంచుతారు. అందుకే ఎవరికీ చెప్పకు. డాక్టరమ్మకి అసలే చెప్పకు. రోజూ నాలుగిస్తాను, రొట్టె తిన్నాక వేసుకో."

చేస్తున్నది దయే అనుకున్నాను ఆ రోజు. తాబల్దీ చేతుల్లోంచి వాణ్ణి తప్పించానని నా వీపు నేనే తట్టుకున్నాను కూడా. సిగ్గుమాలిన మనిషికి సర్దిచెప్పుకోవడం ఎంత బాగా వస్తుందో చెప్పలేను.

వారం తిరక్కుండా వాడే వచ్చాడు. "మాస్టారూ, తేడా ఏం లేదు."

"అప్పుడే ఎలా ఉంటుంది? నువ్వే అడిగావుగా ఆ రోజు. గాదెలో పిండి ఉన్నంతసేపూ తింటూనే ఉంటుంది."

"ఔను గదా," అన్నాడు. వాడి మొహం విప్పారింది. తన ప్రశ్నకి తనకే జవాబు దొరికినందుకు సంతోషం.

పదిహేను రోజులకి మళ్ళీ వచ్చాడు. మెడ మీద నరాలు తాళ్ళలాగా తేలాయి. "ఇంకా ఐపోలేదా మాస్టారూ పిండి?"

"రెండేళ్ళు మేసింది నీ ఒంట్లో. దాని గాదె పెద్దదై ఉంటుంది."

వాడు పడీపడీ నవ్వి, ఆ నవ్వు దగ్గులోకి తిరిగితే గోడ పట్టుకుని వంగిపోయాడు. "గొర్రెలే నయం, అవి చలికాలంలో చిక్కిపోతయ్యి," అన్నాడు ఊపిరి అందాక. నేను కూడా నవ్వాను. డాక్టరమ్మ నిజం తెలిసి నేర్పిన ముక్కనే అబద్ధానికి వాడుకుంటున్నానని తెలుసు. అంతకన్నా గట్టి అబద్ధం నేను సొంతంగా అల్లలేను. జబ్బు తగ్గకపోయే కొద్దీ మందు లెక్క ప్రకారమే నడుస్తోందని వాడి నమ్మకం ఇంకా బలపడింది.

ఆగస్టులో నా విడుదల కాయితం నిద్రలేచి, తేదీ ఖాయమైంది. అదే నెలలో ఒక అవకాశం వచ్చింది. కొత్త మందు మింగే నలుగురిలో ఒకడికి గుండె లయ తప్పింది. ఆ మందుకి ఆ గుణం ఉంది, నెలనెలా ఈసీజీ తీసేది అందుకే. వాడికి మందు ఆపేశారు. వాడి వంతు మాత్రలు మిగిలాయి, తక్కువ పడ్డవి పట్నం నుంచి తెప్పిస్తానంది జీపార్. ఎవరికిద్దామా అని ఆలోచిస్తూ ల్యాబులోకి వచ్చి కూర్చుంది.

అప్పుడు నాకు దారి దొరికింది. ఏమీ ఒప్పుకోనక్కర్లేదు, ఎవరి పేరూ చెప్పనక్కర్లేదు. తగ్గిన జబ్బు తిరగబెట్టడం క్షయలో మామూలే.

"డాక్టరమ్మా, ఆ ఎసెన్‌గుల్ మళ్ళీ దగ్గుతున్నాడు. ఒకసారి చూడండి," అన్నాను.

"అలాగా! రేపే ఉమ్మి తీయించండి. ముందు మైక్రోస్కోపులో క్రిమి కనబడితే చాలు, వాడి పేరే రాస్తాను. పట్నం కాయితం వచ్చాక మిగతాది చూసుకోవచ్చు."

ఆ సాయంత్రం గుండెల మీంచి బండ దించినట్టయింది నాకు. రొట్టె రెండు ముక్కలు ఎక్కువ తిన్నాను. ఎసెన్‌గుల్‌కి ముందుగా చెప్పలేదు. ఏమని చెప్పాలి? అసలు మందు వస్తోందంటే, మరి ఇన్నాళ్ళూ మింగింది ఏమిటని అడగడూ? పొద్దున్నే వాడు అందరితో పాటు పాకలోకి వచ్చి, నాకు వీపు తిప్పి, డబ్బా నింపి ఇచ్చాడు. దాని మీద వాడి పేరే అంటించాను. ఆ జైల్లో వాడికి నేను చేసిన నిజాయితీ పని అదొక్కటే.

మధ్యాహ్నం జీపార్ మైక్రోస్కోపు మీంచి తల ఎత్తి నవ్వింది. "మీకు అనుమానం ఎక్కువ మాస్టారూ. అద్దంలాగా ఉంది. పాత మచ్చల వల్ల వచ్చే దగ్గు అది." అంటూనే వేరేవాడి పేరు రాసి సంతకం పెట్టేసింది. ఆ వేరేవాడికి కూడా పాపం జబ్బు ముదిరింది, వాణ్ణి తప్పు పట్టను.

పరిగెత్తుకుంటూ బట్టీ దగ్గరికి వెళ్ళాను. ఎసెన్‌గుల్ ఇటుకల మీద కూర్చుని ఎండ కాగుతున్నాడు.

"ఏం చేశావురా పొద్దున? ఎవడిదా ఉమ్ము?"

వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "కుబాత్‌ది. వారం పంచదార మొత్తం వాడికే పోశా. కంగారు పడకండి, నర్సు చూళ్ళేదు. డబ్బా చొక్కాలో పెట్టుకొచ్చా."

"ఎందుకు? ఎందుకు చేశావు?"

"అదేంటి మాస్టారూ అట్టా అడుగుతారు? నా ఉమ్ములో క్రిమి కనబడిందంటే మళ్ళీ ఆసుపత్రిలో పడేస్తారు. రక్తం తీస్తారు, రాయి మందు నా ఒంట్లోకి ఎట్టా వచ్చిందని అడుగుతారు. ఇయ్యన్నీ తవ్వితే మీ మెడకే గదా చుట్టుకునేది? పదకొండు రోజుల్లో బయటికి పోయే మనిషి మీరు. నాకోసం ఇంత చేసినోడికి నేను ద్రోహం చేస్తానా?"

వాడు చొక్కా లోపల నుంచి ఒక గుడ్డమూట తీశాడు.

"ఇంకో సంగతి. బురుల్ కూడా దగ్గుతోందని మా అమ్మ జాబు రాయించింది. వేసవి నుంచి తగ్గట్లేదంట. అందుకని రోజూ మీరిచ్చే నాలుగింట్లో రెండు దాస్తన్నా. దానికి మంచి మందు వస్తోంది, ఊళ్ళో డిస్పెన్సరీకి పోవద్దని రాయించా. వాళ్ళ దగ్గర పాత మందులే గదా ఉండేది? మీరు బయటికి పోయాక ఇయ్యి ఇంట్లో ఇచ్చెయ్యండి. మీరు పోయాక కూడా కుబాత్‌కి పంచదార పోసి, పరీక్షకి వాడి ఉమ్మే ఇస్తా..." దగ్గొచ్చి ఆగాడు. మూతి తుడుచుకుని నా మొహంలోకి చూశాడు. "బాగా చేశానా మాస్టారూ?"

పైన ఆఫీసులో డాక్టరమ్మ ఇంకా ఉంది. సంతకం పెట్టిన కాయితం ఆమె బల్ల మీదే ఉంది. నేను నడిచి వెళ్ళి నాలుగు మాటలు చెబితే చాలు. చెబితే పదకొండు రోజులు రెండేళ్ళవుతాయి, అంతకంటే ముందు తాబల్దీ ఉన్నాడు.

"బాగా చేశావు," అన్నాను.

సెప్టెంబరు మొదట్లో నన్ను వదిలారు. షరతుల మీద విడుదల. ఏ చిన్న తప్పు బయటపడినా మిగతా శిక్ష లోపల పూర్తిచెయ్యాలి. గేటు దాకా రానివ్వరు కనక ఎసెన్‌గుల్ తీగ కంచె దగ్గర నిలబడి చెయ్యూపాడు. చొక్కా వాడి ఒంటి మీద వేలాడుతోంది. ఇంకో నెల బతుకుతాడేమో అనుకున్నాను. అంత కూడా బతకలేదని తర్వాత తెలిసింది.

కొచ్‌కోర్ ఊరు దాటాక ఎసెన్‌గుల్ వాళ్ళ ఊరికి మట్టిరోడ్డు. ఆ రోడ్డంతా ఒకటే నిర్ణయం మీద ఉన్నాను. మూట వాగులో పారేస్తాను, ఆవిణ్ణి వెంటబెట్టుకుని డిస్పెన్సరీకి తీసుకెళ్తాను, అక్కడ దిగబెట్టి నా దారిన నేను పోతాను. వాగు దాటేటప్పుడు మూట జేబులోంచి తీశాను. పారెయ్యలేదు. ఉత్తచేతులతో వెళితే ఏం చెప్పాలో తోచలేదు.

గుమ్మంలోనే ఎసెన్‌గుల్ తల్లి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "మా వాణ్ణి కాపాడుతున్న దేవుడివి నువ్వే కదా నాయనా," అంది. బురుల్ పలకరించడానికి వచ్చి, పక్కకి తిరిగి దగ్గి, నీళ్ళు నిండిన కళ్ళతో నవ్వింది. గేటు దగ్గర చూసిన బుగ్గలు లేవు. నేను కూర్చునేలోపు దొడ్లో ఉన్న ఒక్క పొట్టేలునీ పక్కింటివాడు కోసేశాడు. వద్దు వద్దంటే ఎవరూ వినలేదు. ఉడికిన తల పళ్ళెంలో పెట్టి, కత్తితో సహా నా ముందుంచారు. ఇంట్లో అందరికన్నా గౌరవించాల్సిన మనిషికే తల పెడతాం మేము. పక్కింటి ముసలాళ్ళిద్దరు నాకంటే కింద కూర్చున్నారు.

మూట బురుల్ చేతికిచ్చాను. విప్పి, ఒక మాత్ర అరచేతిలో వేసుకుని చూసింది.

"మాస్టారూ, ఊరి నర్సు రెండుసార్లు వచ్చింది, ఉమ్మి ఇమ్మని. ఊరుకునేట్టు లేదు. రేపు బండి తీసుకొస్తాను, తయారుగా ఉండమంది. మా ఆయనేమో పోవద్దని రాశారు." ఆమె నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. "చదువుకున్నవాళ్ళు మీరు. పోవాలంటారా, వద్దంటారా?"

అందరూ తినడం ఆపి నాకేసి చూశారు. పొమ్మంటే చాలు. రేపు బండి ఇంటి ముందుకే వస్తుంది. ఆవిడ ఉమ్ము పట్నం పోతుంది. ఏ మందుకీ లొంగని క్రిమి అని కాయితం వస్తుంది. ఎక్కడంటుకుంది అని అడుగుతారు. జైల్లో మూడు రోజులు ఉండొచ్చిందంటుంది. మొగుడి కాయితం తీస్తారు, ఆ డబ్బాకి చీటీ అంటించింది ఎవరో కనుక్కుంటారు. ఇదంతా ఒక్క నిమిషంలో నా బుర్రలో తిరిగింది. కెమిస్ట్రీ మాస్టారి బుర్ర కదా, ఇలాంటివి తొందరగా తెగుతాయి.

"మీ ఆయన చెప్పినట్టే చెయ్యమ్మా," అన్నాను.

ఆమె హమ్మయ్య అని ఊపిరి వదిలింది. ముసలమ్మ రెండు అరచేతులూ మొహానికి తుడుచుకుని నన్ను దీవించింది. నేను కత్తి తీసుకుని పొట్టేలు చెవి కోసి, ఆనవాయితీ ప్రకారం ఇంట్లో చిన్నపిల్లకి అందించాను. ఆరేళ్ళుంటాయేమో. దగ్గుతూనే రెండు చేతులూ చాచి అందుకుంది.